‘ల్యాబ్‌లో టెస్ట్ చేశారంట’ అంటే ఏం చేశారు?

మా పైపోర్షన్ బాబాయ్ మొన్న ఒక పొడి ప్యాకెట్ పట్టుకొచ్చి “ఏమ్మా, నువ్వు ఫార్మసీ చదివావుగా, ఇది ఒకసారి చూడు” అన్నారు. మోకాళ్ల నొప్పులకీ మనసు బాగోకపోవడానికీ ఒకటే పొడి. అయిదు రకాల ఆకుల పేర్లున్నాయి, అందులో వావిలి ఒకటి. లోపల మడతపెట్టిన కాగితంలో మాత్రం ఆ పేర్లకంటే పెద్ద అక్షరాల్లో “ఎలుకలపై 400 మి.గ్రా. మోతాదులో శాస్త్రీయంగా నిరూపితం, సైడ్ ఎఫెక్ట్స్ లేవు” అని వేశారు. ఆయనకి నచ్చింది ఆ ముక్కే. “చూశావా, ల్యాబ్‌లో టెస్ట్ చేశారంట.”

చేసే ఉంటారు. అబద్ధం అని నేననలేదు. మన ఫార్మసీ కాలేజీల్లో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు అనగానే చాలామంది చేతికి వచ్చే పని ఇదే: ఒక మొక్క తీసుకో, ఎక్స్‌ట్రాక్ట్ తియ్యి, ఎలుకలకి పట్టు, నొప్పి తగ్గిందో లేదో, డిప్రెషన్ తగ్గిందో లేదో చూడు, థీసిస్ రాయి. నేనూ చేశాను. అందుకే ఆ కాగితంలోని ఒక్క వాక్యం వెనక ఎన్ని మలుపులుంటాయో చెప్పాలనిపించింది, ఎందుకంటే “టెస్ట్ చేశారు” అన్న మాట నిజమైనా దాన్నుంచి మనం ఊహించుకునేది చాలాసార్లు నిజం కాదు.

ముందు ఆకు సంగతి. ఎలుక నోట్లోకి వెళ్లేది మనం పెరట్లో కోసే ఆకు కాదు. నీడలో ఆరబెట్టిన ఆకుని బరకగా పొడికొట్టి, మందపాటి కాగితపు గొట్టంలో కూరి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో పెడతారు (ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ అనే జర్మన్ రసాయనవేత్త 1879లో పాలలో కొవ్వు శాతం తేల్చడానికి చేసుకున్న పరికరం, పాపం ఆయన మన వావిలాకుని చూసి ఉండడు). కింద ఫ్లాస్కులో మిథనాల్ మరుగుతుంటుంది. ఆవిరి పైకెళ్లి చల్లబడి చుక్కచుక్కగా పొడి మీద పడుతుంది, గొట్టం నిండగానే పచ్చటి ద్రవం గుడగుడమంటూ ఒక్కసారిగా కిందికి జారిపోతుంది, మళ్లీ మొదలు. దిగే ద్రవం రంగు పోయేదాకా గంటల తరబడి ఇదే తంతు. చివర్లో మిథనాల్‌ని ఎగరగొట్టేస్తే అడుగున తారులాంటి నల్లాకుపచ్చ ముద్ద మిగులుతుంది. వంద గ్రాముల పొడికి ఏ ఎనిమిదో పదో గ్రాములు వస్తే వచ్చినట్టే, అందులోనూ కొంత గాజుకే అంటుకుపోతుంది. దాన్ని గీకి, నీళ్లలో కలవదు కాబట్టి సీఎంసీ అనే గంజిలాంటి పదార్థంలో కలిపి, ట్యూబుతో నేరుగా ఎలుక కడుపులోకి దించుతారు.

మిథనాల్ లాగే పదార్థాలు వేరు, నీళ్లు లాగేవి వేరు, పెట్రోలియం ఈథర్ వాడితే మైనాలూ కొవ్వులూ ఎక్కువ వస్తాయి. ఒకే ఆకుకి మూడు ద్రావకాలు వాడితే మూడు వేర్వేరు మందులు తయారైనట్టే లెక్క. మన ఇళ్లలో బాలింతకి వావిలాకు వేసి కాచిన నీళ్లు పోయడం ఉంది కదా, వావిలి ఎక్స్‌ట్రాక్ట్ ఎలుకల్లో నొప్పినీ వాపునీ తగ్గించిందని చూపించిన పరిశోధనలు కూడా ఉన్నాయి. కానీ కడుపులోకి ఎక్కించిన గాఢమైన సారానికీ, ఒంటిమీద పోసుకున్న వేడినీళ్లకీ మధ్య చుట్టరికం కలపాలంటే వేరే పరీక్ష కావాలి. వట్టి వేడినీళ్లు పోసుకున్నా ఒళ్లునొప్పులు తగ్గుతాయి మరి!

పేర్ల గోల ఇంకొకటి. “బ్రాహ్మి” అంటే కొందరికి మనం సరస్వతి ఆకు అని పిలిచే సెంటెల్లా ఏషియాటికా, ఇంకొందరికి నీటి సాంబ్రాణి అనే బకోపా మొనీరీ. రెండూ చిత్తడిలో పెరిగేవే, రెండింటికీ జ్ఞాపకశక్తి కీర్తి ఉంది, లోపలున్న రసాయనాలు మాత్రం వేరు. అందుకే పద్ధతిగా చేసేవాళ్లు బోటనీ నిపుణుడికి మొక్క చూపించి పేరు ఖాయం చేయించుకుని, ఒక ఎండబెట్టిన నమూనాని నంబరు వేసి దాచిపెడతారు. రేపెవరైనా “మీరు వాడింది ఏ మొక్క” అంటే చూపించడానికి. బజార్లో కొన్న పొడికి ఆ వసతి లేదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక మొదట చేసేది విషపరీక్ష. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన పద్ధతి ప్రకారం సాధారణంగా కేజీ బరువుకి 2000 మి.గ్రా. దాకా ఒక్కసారి పట్టించి 14 రోజులు గమనిస్తారు. ఎలుకలు చావకపోతే “2000 దాకా సురక్షితం” అని రాసుకుని అందులో పదో వంతూ అయిదో వంతూ, అంటే 200, 400, పరీక్ష మోతాదులుగా పెట్టుకుంటారు. మీకు ఏ థీసిస్ తిరగేసినా ఈ రెండు అంకెలు కనిపించేది అందుకే. ప్యాకెట్ మీద “సైడ్ ఎఫెక్ట్స్ లేవు” అన్న మాటకి కూడా చాలాసార్లు మూలం ఇదే. ఒక్క మోతాదుకి రెండు వారాల్లో ఎలుక చావలేదన్నది, ఆర్నెల్లు రోజూ తిన్న మనిషి లివర్‌కి ఏమీ కాదన్న హామీగా మారిపోయింది.

ఇక నొప్పి. నొప్పిని నేరుగా కొలిచే మీటరు ఎక్కడా లేదు, మనిషినైతే “పదికి ఎంత” అని అడుగుతాం, ఎలుకని అడగలేం. కాబట్టి అది చేసే పనిని చూడాలి. ఎడ్డీ హాట్ ప్లేట్ అని 55 డిగ్రీల దగ్గర ఉంచిన పలక ఉంటుంది, దాని మీద చిట్టెలుకని వదిలితే కొన్ని సెకన్లలో పాదం నాకుతుంది, లేదా ఎగురుతుంది. మందు పట్టాక ఆ సమయం పెరిగిందా అన్నదే లెక్క. మామూలుగా 15 సెకన్లకి తీసేస్తారు, లేకపోతే పాదాలు కాలిపోతాయి. మార్ఫిన్ లాంటి మందులు ఈ పరీక్షలో బాగా కనిపిస్తాయి, ఆస్పిరిన్ లాంటివి పెద్దగా కనిపించవు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఆ వేడిని పసిగట్టే అణువుల్లో టీఆర్‌పీవీ1 అని ఒకటుంది. సుమారు 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకుంటుంది, మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. దీన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది, 2021లో ఆయన నోబెల్ పంచుకున్నారు. అంటే గుంటూరు మిరపకాయ కొరికినప్పుడూ పెనం అంటుకున్నప్పుడూ నరం మెదడుకి పంపే కబురు ఒకటే, మనం రెండింటినీ “మంట” అనే అంటాం. క్యాప్సైసిన్ ఎక్కువ మోతాదులో తగిలితే ఆ నరాల కొసలు కొన్నాళ్లు మొద్దుబారిపోతాయి, అందుకని సర్పి తగ్గాక మిగిలిపోయే నరాల నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీని 2009లో అమెరికాలో అనుమతించారు. నల్లమందు నుంచి మార్ఫిన్‌ని సెర్టూర్నర్ 1800ల తొలి ఏళ్లలో విడదీసినప్పటినుంచీ నొప్పి మందుల చరిత్రలో మొక్కలు పెద్ద పీట మీదే ఉన్నాయి, కాబట్టి మొక్కల్ని పరీక్షించడం దండగ అని నేనెక్కడా అనడం లేదు. మిరపకాయ విషయంలో తెలిసింది ఏమిటో చూడండి: ఏ అణువు, ఎంత శాతం, ఏ నరం, ఏ జబ్బు. ఆ నాలుగూ తెలిశాయి కాబట్టే అది మందు అయింది.

రెండో నొప్పి పరీక్షకి పెద్ద పరికరాలు అక్కర్లేదు కాబట్టి అందరూ అదే చేస్తారు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే 0.6 శాతానికి పలచన చేసి పొట్టలోకి సూది వేస్తారు. చిట్టెలుక పొట్ట లోపలికి పీక్కుని, వెనక కాళ్లు సాగదీసి మెలిక తిరుగుతుంది. 20 నిమిషాల్లో ఎన్ని మెలికలు తిరిగిందో లెక్కపెట్టాలి. మందు ఇవ్వని గుంపుకి 50, ఇచ్చిన గుంపుకి 25 వస్తే “50 శాతం నొప్పి తగ్గింది” అని రాస్తారు. చూడటానికి బాగుండదు, మొదటి రోజు నాకు అన్నం సయించలేదు. ఇందులో పెద్ద లోపం ఏంటంటే దాదాపు ఏది ఇచ్చినా ఎంతో కొంత ఫలితం వస్తుంది, అలర్జీ మాత్రలకీ కండరాలు వదులుచేసే మందులకీ కూడా మెలికలు తగ్గుతాయి. ఇదొక్కటే చేసి నొప్పి మందు దొరికిందనడం తొందరపాటు. పాదంలోకి ఫార్మలిన్ ఎక్కించే పరీక్ష దీనికంటే నయం, మొదటి అయిదు నిమిషాల నొప్పి నరం నేరుగా రేగడం వల్ల వచ్చేది, 15 నుంచి 30 నిమిషాల మధ్య వచ్చేది వాపు వల్లా వెన్నుపాము సున్నితం కావడం వల్లా వచ్చేది, కాబట్టి మందు ఎక్కడ పనిచేస్తోందో కొంత ఆచూకీ దొరుకుతుంది.

డిప్రెషన్ దగ్గరికొస్తే కథ ఇంకా చిక్కు. ఎలుకకి దిగులు వచ్చిందని ఎలా తెలుస్తుంది? 1977లో రోజర్ పోర్సోల్ట్ ఒక ఉపాయం చెప్పాడు. పొడవాటి గాజు జాడీలో సుమారు 25 డిగ్రీల నీళ్లు పోసి చిట్టెలుకని వదిలేయాలి, అడుగు అందదు, గోడ ఎక్కలేదు. మొదట్లో గిలగిలా ఈదుతుంది, గోకుతుంది, కాసేపటికి ముక్కు మాత్రం పైకి పెట్టి తేలుతూ ఉండిపోతుంది. మొత్తం ఆరు నిమిషాల్లో చివరి నాలుగు నిమిషాలు ఎన్ని సెకన్లు కదలకుండా ఉందో స్టాప్‌వాచ్‌తో కొలుస్తారు. ఇమిప్రమిన్ లాంటి డిప్రెషన్ మందులిస్తే ఆ సెకన్లు తగ్గుతాయి, ఎక్కువసేపు ఈదుతుంది. తోకకి టేపు వేసి తలకిందులుగా వేలాడదీసే పరీక్ష 1985లో వచ్చింది, సూత్రం అదే.

మనకి “ఎలుకల్లో డిప్రెషన్ తగ్గింది” అని వినిపించేదంతా ఎక్కువ భాగం ఈ సెకన్ల లెక్కే. పోర్సోల్ట్ దాన్ని నిరాశగా చదివాడు. ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు వేరేలా చదువుతున్నారు: తప్పించుకునే దారి లేదని తెలిశాక ఊరికే కొట్టుకోకుండా ఓపిక దాచుకోవడం తెలివే కదా, దాన్ని దిగులు అని ఎలా అంటాం? పైగా మనుషుల్లో ఈ మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, జాడీలో ఎలుకకి గంటలోపే పనిచేసేస్తుంది. ఇద్దరిలోనూ జరిగేది ఒకటే అయితే ఈ తేడా ఎందుకొచ్చినట్టు? ఈ అనుమానాలూ జంతువుల బాధా రెండూ కలిసి 2024లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఈ ఈత పరీక్షని చట్టం చేసి నిషేధించింది. ఓపికున్న ల్యాబ్‌లు వేరే దారి పట్టాయి. ఎలుకని వారాల తరబడి చిన్నచిన్న చిరాకులకి గురిచేస్తారు, ఒకరోజు తడి గూడు, ఒకరోజు రాత్రంతా లైటు, ఒకరోజు గూడు ఒరిగించి పెట్టడం. తర్వాత పక్కపక్కనే రెండు సీసాలు పెడతారు, ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో పంచదార నీళ్లు. బాగున్న ఎలుక తీపి వైపే పోతుంది, చిరాకు పడీ పడీ ఉన్నదానికి తీపి మీద మోజు తగ్గుతుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లు “ఏదీ రుచించట్లేదు” అంటారే, దానికి ఇది కాస్త దగ్గర. కాకపోతే వారాలు పడుతుంది, ఎం.ఫార్మసీ వాళ్లకి సెమిస్టరు అయిపోతుంది.

నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తానికీ కీలకం ఇక్కడుంది. నిద్రమత్తు తెప్పించే ఏ మొక్కైనా నొప్పి పరీక్షలో పాసైపోయే ప్రమాదం ఉంది, జోగుతున్న ఎలుక పాదం ఎందుకు నాకుతుంది? హుషారు తెప్పించే ఏ మొక్కైనా ఈత పరీక్షలో పాసైపోయే ప్రమాదం ఉంది, కాఫీలో ఉండే కెఫీన్ ఇచ్చినా ఎలుక ఎక్కువసేపు ఈదుతుంది, అంతమాత్రాన కాఫీ డిప్రెషన్ మందు కాదు. అందుకే పక్కన ఇంకో రెండు చిన్న పరీక్షలు తప్పనిసరిగా ఉండాలి, తిరిగే కడ్డీ మీద ఎలుక పడిపోకుండా నిలబడుతోందా అని ఒకటి, పెట్టెలో వదిలితే మామూలుగా తిరుగుతోందా లేక గంతులేస్తోందా అని ఇంకొకటి. ఒకే ఎక్స్‌ట్రాక్ట్ రెండు వైపులా ఫలితం ఇచ్చి, ఈ రెండింటిలో మామూలుగా ఉంటే అప్పుడు కాస్త ఆసక్తిగా చూడాలి, ఎందుకంటే వట్టి మత్తుమందైతే జాడీలో ఇంకా ముందే ఈత ఆపేసి ఉండేది. మీకెవరైనా ఇలాంటి పేపరు పంపితే ముందు వెతకాల్సింది ఇదే, మొదటి పేజీలోని “అద్భుత ఫలితాలు” కాదు.

నొప్పికీ డిప్రెషన్‌కీ ఒకే మందు అనగానే నవ్వొస్తుంది గానీ, ఆలోచన మాత్రం పిచ్చిది కాదు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే కొన్ని నరాల దారులు నొప్పి కబుర్లకి గేటు వేస్తుంటాయి, ఆ గేటు వేసే పనిలో సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ అనే నరాల రసాయనాలు ఉంటాయి. డిప్రెషన్ మందులు చాలావాటికి గురి కూడా ఈ రెండే. ఎప్పటిదో డిప్రెషన్ మందు ఎమిట్రిప్టిలిన్‌ని నరాల నొప్పికి తక్కువ మోతాదులో ఇప్పటికీ రాస్తారు, డ్యులోక్సెటిన్‌కి 2004లో అమెరికాలో డిప్రెషన్‌కీ షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పికీ అనుమతి వచ్చింది.

ఈ బంధాన్ని తిరగేసి చూపించిన మొక్క మనదే, సర్పగంధి. బీపీకి దాని వాడకం గురించి బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక ప్రపంచం చూపు దాని మీద పడింది, 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబాలో దాన్నుంచి రిసర్పిన్‌ని విడదీశారు. బీపీ తగ్గింది, కానీ వాడిన వాళ్లలో కొందరు దిగులుపడిపోతున్నారని రిపోర్టులు వచ్చాయి. రిసర్పిన్ నరాల కొసల్లో దాచిన సెరటోనిన్ వగైరాలని ఖాళీ చేసేస్తుందని తేలింది, ఆ రసాయనాల కొరతే డిప్రెషన్ అన్న సిద్ధాంతానికి అదొక పునాది అయింది (ఆ రిపోర్టుల్లో అందరిదీ నిజంగా డిప్రెషనేనా, ఆ సిద్ధాంతం మరీ సులువైనదా అన్న సందేహాలు తర్వాత వచ్చాయి, అది వేరే పెద్ద కథ). మూడు రోజులు వరసగా రిసర్పిన్ ఇస్తే ఎలుకల్లో కండరాల నొప్పి పెరుగుతుంది, ఈత పరీక్షలో కదలకుండా ఉండే సమయమూ పెరుగుతుంది, 2009లో జపాన్ పరిశోధకులు దీన్ని ఒళ్లంతా నొప్పులు పట్టి పీడించే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బుకి నమూనాగా ప్రతిపాదించారు. అంటే నొప్పీ దిగులూ రెండూ కలిపి తెచ్చిపెట్టడానికి కూడా ఒక మూలికలోని పదార్థమే పనికొచ్చింది. “మూలికే కదా, ఏం చేస్తుందిలే” అనేవాళ్లకి నేను చెప్పే ఉదాహరణ ఇది.

సెకన్ల లెక్కలో ఇంకో తంటా ఉంది, ఇది మా సొంత గొడవ. మా ల్యాబ్‌లో వీడియో కెమెరా లేదు, జాడీ ముందు స్టూలేసుకుని కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కడమే. ఒకసారి నేనూ నా ఫ్రెండూ సరదాకి ఒకే ఎలుకని చెరో వాచీతో కొలిచాం. దానికి ఇరవై సెకన్లకి పైనే తేడా వచ్చింది. వెనక కాలు ఒక్కసారి అలా ఆడించి తేలితే అది ఈతా, తేలడమా? తను తేలడం అనుకుంది, నేను ఈత అనుకున్నాను. ఎందుకంటే అది మందు తాగిన ఎలుక అని నాకు తెలుసు, ఆ మందు నేను మూడు రోజులు కూర్చుని గీకి తీసింది. నేనేం మోసం చేయలేదు, వేలు దానంతటదే ఆలస్యంగా నొక్కింది. ఏ ఎలుకకి ఏం ఇచ్చారో కొలిచేవాళ్లకి తెలియకూడదు అన్న నియమం ఎందుకో నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది, పుస్తకంలో చదివినప్పుడు కాలేదు. గుంపుకి ఆరు ఎలుకలే ఉన్నప్పుడు ఇలాంటి చిన్న మొగ్గు ఫలితాన్ని అటూ ఇటూ చేయడానికి సరిపోతుంది. ఆపైన, ఫలితం రాని థీసిస్‌లు అల్మరాలో ఉండిపోతాయి, వచ్చినవే పేపర్లవుతాయి. అందువల్ల బయటినుంచి చూస్తే భూమ్మీదున్న ప్రతి మొక్కా నొప్పి తగ్గించేదే అనిపిస్తుంది!

మందు నిజంగా పనిచేసినా, అది మొక్కదేనా అన్న ప్రశ్న మిగులుతుంది. కామెరూన్ దేశంలో నొప్పికి వాడే ఒక చెట్టుంది, నాక్లియా లాటిఫోలియా, మన కదంబం చెట్టుకి దగ్గరి చుట్టం. 2013లో ఫ్రాన్స్‌కి చెందిన మిషెల్ దె వార్డ్ బృందం దాని వేరు బెరడులో ట్రమడాల్ దొరికిందని ప్రకటించింది. ట్రమడాల్ అంటే 1960ల్లో జర్మనీలో ల్యాబ్‌లో తయారుచేసిన నొప్పి మందు, అది చెట్టులో ముందునుంచే ఉందంటే సంచలనమే. మరుసటి ఏడాది జర్మనీలోని డార్ట్‌మండ్‌ నుంచి మిఖాయెల్ స్పీటెలర్ బృందం వెళ్లి చూస్తే, ఉత్తర కామెరూన్‌లో వేరే చెట్ల వేళ్లలోనూ ట్రమడాల్ ఉంది, మట్టిలో ఉంది, నీళ్లలో ఉంది. దక్షిణాది కామెరూన్‌లో అదే చెట్టులో లేదు. రైతుల్ని అడిగితే విషయం బయటపడింది: ఎండలో అలిసిపోకుండా పనిచేయడానికి వాళ్లు మాత్రలు మింగుతున్నారు, పశువులకీ పెడుతున్నారు, పశువులు నీడకని చెట్టు కింద చేరుతున్నాయి, అక్కడే మూత్రం పోస్తున్నాయి. చెట్టు పీల్చుకుంది, అంతే. తర్వాత కార్బన్-14 కూడా చూశారు. చెట్టు సొంతంగా చేసుకున్న పదార్థమైతే గాలిలోంచి తీసుకున్న కార్బన్-14 అందులో ఉండాలి, పెట్రోలియం సరుకుతో ఫ్యాక్టరీలో చేసినదైతే ఉండదు. దె వార్డ్ వెంటనే ఒప్పుకోలేదు గానీ లెక్క ఫ్యాక్టరీ వైపే తేలింది. మన దగ్గర దీనికి పేదింటి రూపం ఉంది, కీళ్ల నొప్పుల “నాటు” పొడుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపి అమ్మడం. నొప్పి రెండ్రోజుల్లో మాయమైతే సంతోషపడే ముందు అనుమానపడాలి.

ఎలుకల దశ దాటి మనుషుల్లో బాగా పరీక్షకి నిలబడ్డ మూలిక ఏదైనా ఉందా అంటే డిప్రెషన్‌కి సంబంధించి ఎక్కువ పరీక్షలు జరిగినవాటిలో ఒకటి సెయింట్ జాన్స్ వోర్ట్, యూరప్‌లో పెరిగే పసుపు పూల మొక్క, మన హిమాలయాల్లోనూ ఉంటుంది. 2002లో అమెరికాలో 340 మంది మీద చేసిన ట్రయల్‌లో ఇది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. కానీ అదే ట్రయల్‌లో పోలిక కోసం పెట్టిన సెర్ట్రలిన్ అనే పేరున్న డిప్రెషన్ మందు కూడా ప్రధాన లెక్కల్లో ఉత్తుత్తి మాత్రని దాటలేకపోయింది! డిప్రెషన్ ట్రయల్స్‌లో ఇదే తలనొప్పి, ఏమీ లేని మాత్ర మింగినవాళ్లలో కూడా చాలామంది తేరుకుంటారు, వారం వారం ఎవరో కూర్చోబెట్టి “ఎలా ఉన్నారు” అని అడగడం కూడా ఒక మందే మరి. 2008లో వైద్య పరీక్షల ఫలితాలని కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు 29 ట్రయల్స్, 5489 మంది రోగుల లెక్కలు కలిపి చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు, మామూలు మందులతో సమానం అని వచ్చింది, అయితే జర్మన్ మాట్లాడే దేశాల్లో చేసిన ట్రయల్స్‌లోనే ఫలితాలు ఎక్కువ బాగున్నాయి. ఎందుకలా అన్నది ఎవరి వాదన వాళ్లది.

దాని అసలు పాఠం వేరేచోట ఉంది. అందులోని హైపర్‌ఫోరిన్ లివర్‌ని గట్టిగా తట్టిలేపి, వేరే మందుల్ని అరగదీసే ఎంజైములని ఎక్కువ తయారుచేయిస్తుంది. దాంతో మీరు వేసుకునే ఇతర మాత్రలు రక్తంలో నిలవవు. 2000లో జ్యూరిచ్ వైద్యులు గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరి సంగతి రాశారు, ఈ మూలిక మొదలుపెట్టాక కొత్త గుండెని శరీరం కాదనకుండా వాళ్లు వాడే సైక్లోస్పోరిన్ అనే మందు స్థాయి రక్తంలో పడిపోయి శరీరం కొత్త గుండెని తిప్పికొట్టడం మొదలుపెట్టింది. అదే ఏడాది హెచ్‌ఐవీ మందు ఇండినవిర్ రక్తంలో చేరే మొత్తాన్ని ఇది 57 శాతం తగ్గిస్తుందని తేలింది. గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. డిప్రెషన్ మాత్రలతో కలిపి మింగితే సెరటోనిన్ మరీ పెరిగిపోయి ఇంకో ప్రమాదం. జాడీలో ఈదే చిట్టెలుక ఇవేవీ చెప్పదు, దానికి బీపీ మాత్ర లేదు, షుగర్ లేదు, పక్కన వేరే డాక్టర్ చీటీ లేదు.

మన దేశంలోనూ దీనికొక దారి వేశారు. 2015లో ఫైటోఫార్మాస్యూటికల్ అనే వర్గాన్ని నిబంధనల్లో చేర్చారు, మొక్క నుంచి శుద్ధి చేసిన భాగంలో కనీసం నాలుగు పదార్థాలని గుర్తించి కొలిచి చూపించాలి, మనుషుల మీద ట్రయల్స్ చేయాలి. దారి ఉంది, నడిచేవాళ్లు తక్కువ. ప్యాకెట్ మీద ఎలుక మాట రాసుకోవడం చవక.

బాబాయ్ ఇదంతా ఓపిగ్గానే విన్నారు. చివరికి కాగితం వెనక్కి తిప్పి మోతాదు లెక్క వేసి చూపించాను. చిట్టెలుక మోతాదుని మనిషికి మార్చేటప్పుడు ఒంటి ఉపరితలం లెక్కన సుమారు పన్నెండుతో భాగిస్తారు. 400ని పన్నెండుతో భాగిస్తే కేజీకి 33 మి.గ్రా., అరవై కేజీల మనిషికి రెండు గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. వందకి ఎనిమిది గ్రాముల ముద్ద వస్తుందనుకుంటే ఆ రెండు గ్రాములకి 25 గ్రాముల ఎండాకు కావాలి. ప్యాకెట్ మీద ఏం రాశారు? పూటకి అర చెంచా, రెండు పూటలు. మొత్తం మూడు నాలుగు గ్రాములు, అందులో అయిదు ఆకులకి వాటా. అసలు ఎలుక ఫలితం అక్షరాలా నిజమని ఒప్పుకున్నా ఈ పొడి దాని దరిదాపుల్లో లేదు.

“అయితే ఎనిమిది చెంచాలు వేసుకోవాలంటావా?” అన్నారు.

నేను భయపడేది సరిగ్గా ఈ ప్రశ్నకే. పొడి సంగతి తర్వాత, ముందు మీరు రోజూ వేసుకునే మాత్రల చీటీ పట్టుకురండి అన్నాను. మెట్లెక్కి వెళ్లి తెచ్చారు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర, వాటి కింద మూడో లైన్లో వార్ఫరిన్.